ఇంటిపేరు ముందు

రాజానుకుంటె దాటి ఎడమకి తిరిగితే
పిళ్ళక్క రాగిచేను.
జానెడు లోతు తవ్వి, పిడికెడు మన్ను
జిప్ కవర్లో వేసుకుని మీద రాశాను:
తేదీ, లోతు, ముందు పంట.
"ముందు అనుములు" అంది.
"దానికి ముందు?"
"మా అత్తనడగాల."
"ఎక్కడుంది?"
"లేదు" అని నవ్వింది.

హెబ్బాళలో లాబు, మూడో అంతస్తు.
ఒక గ్రాము మన్ను తొమ్మిది మిల్లీలీటర్ల నీళ్ళలో,
అందులోంచి ఒకటి మళ్ళీ తొమ్మిదిలో,
పలచన, ఇంకా పలచన,
మా హాస్టల్ చారులాగా.
ఆరో గొట్టానికి వచ్చేసరికి గుంపు చెదిరి
ఎవరికి వారు విడిగా కూర్చుంటారు.

నాలుగోరోజు ప్లేటు మీద
ఆవగింజంత చుక్క.
ఎరుపు కాదు, గులాబీ అనలేను,
విచ్చిన సీమచింత గుజ్జు రంగు.
గౌడ సారు కళ్ళజోడు పైకెత్తి
"పాతదే అయ్యుంటుంది, చూడు" అన్నారు.

పాతదే అనుకునే చూశాను.
ఊదారంగు పట్టింది, స్పిరిట్ పోయగానే వదిలేసింది,
ఎరుపు పూస్తే ఒప్పుకుంది.
మానిటాల్ తింటుంది. లాక్టోజ్ ముట్టదు.
ఉప్పు రెండు శాతం దాకా ఓర్చి
మూడో దానికి అలుగుతుంది.
మన ఒంటి వేడిలో పెరగదు,
అంటే మన జోలికి రానట్టే.
ఈ సంగతులన్నీ తెలియడానికి పదకొండు నెలలు.
అన్ని రోజులూ నా కన్నా అదే వేళకి తిన్నది.

జన్యువు చదివించాం.
దగ్గరి చుట్టంతో పోలిక
తొంభై ఎనిమిది పాయింట్ ఒకటి.
వంద అక్షరాల్లో రెండు కూడా తేడా లేదు,
అయినా వేరే జాతి కావచ్చట.
పిళ్ళక్క తెలుగుకీ నా తెలుగుకీ
అంతకన్నా ఎడం ఉంటుంది.
"బిరీన రా, ఊట చేసి పో" అంటుంది.
మీది తెలుగేనా అని అడిగితే
"ఇంట్లో మాట్లాడేదమ్మా,
దానికి పేరేంటికి?"

జాతికి పేరు మాత్రం కావాలి. రెండు మాటల్లో.
ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత.
ఆ వరస చూసి మావాళ్ళెవరో పెట్టారనుకున్నాను.
ఈ ఊళ్ళో బ్యాంకు ఫారం నిండా తిరగేసి రాసి,
ఇప్పటికీ నన్ను "మిస్ చిలంకూరి" అంటారు,
మా వంశం మొత్తాన్నీ కౌంటర్ ముందు నిలబెట్టినట్టు.

"గైడు పేరు పెట్టడం కూడా ఉందిలే"
అన్నారు గౌడ సారు, సీలింగ్ ఫ్యానుతో.
నేను పిళ్ళక్క దగ్గరికి పోయాను.
నీ పేరు పెడతానంటే కొడవలి ఆపి అడిగింది:
"మంచిదా, చెడ్డదా?"
"ఇంకా తెలీదు."
"తెలీకుండా నా పేరెందుకు?
రేపు ఎవరి పంటో చెడగొడితే
నన్ను కదా తిట్టేది. చేను పేరు పెట్టు."
"చేనుకి పేరుందా?"
"సవతి చేను.
మా మామ రెండో పెండ్లానికి రాసిచ్చింది.
ఆ సవతే మా అత్త."

సవతి.
అదే ఇంటిపేరు, ఇంకో మనిషి.
లాటిన్ తోక తగిలించి కాగితం మీద రాశాను,
సవతిచేనెన్సిస్.
గౌడ సారు మూడుసార్లు పలికి
నాలుగోసారి సంతకం పెట్టారు.

బతికున్న గొట్టం ఒకటి పుణేకి, ఒకటి జపానుకి.
కొరియర్ ఫారంలో "వస్తువు విలువ" దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
సున్నా వేస్తే పార్సెల్ పోదన్నాడు కుర్రాడు,
వంద రూపాయలు వేశాను.

అచ్చయి వచ్చింది.
మొదటిసారి దాని ఇంటిపేరు నిండుగా, వాలుగా.
రెండోసారి నుంచి ఒక్క అక్షరం, చుక్క,
హాజరు పట్టీలో నాలాగే.
పైన నా పేరు తలకిందులు.
కింద, కృతజ్ఞతల్లో, ఆఖరి వరసలో
పిళ్ళక్క.
ఇంటిపేరు ఏమిటో నేను అడగనే లేదు.